ఆరోగ్యవరం వైద్యులు డా. ఫ్రిమోట్ మోలర్ గారు



గురుబరపల్లి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో స్థిరపడిన మన తెలుగు సంఘాలవారికి మదనపల్లి మరీ దూరం కాదు. కుప్పం, పలమనేరు, పుంగనూరు దాటితే చేరుకుంటాము. ఆ ఊరి చెంతనున్న ఆరోగ్యవరంలో సేవచేసిన ఊపిరితిత్తుల వైద్యులు డా. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారిని ఈ సంచికలో జ్ఞాపకం చేసుకుంటున్నాము.

వీరు డెన్మార్కు దేశస్థులు, డేనిష్ మిషను వైద్యులు. మన బాప్టిస్టు మిషను వారు కారు. అయితే క్షయరోగుల భారం ఏ ఒక్క మిషనూ మోయలేనిది. అందుచేత దక్షిణాదిలోని పలు మిషనులు ఏకమై స్థాపించిన క్షయ శానిటోరియం 1915లో ఆరంభమైనది. దానికి మొదటి వైద్యాధికారి మోలర్ గారే.

ఆ దినములలో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే వైద్యం. కొందరికి సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చేవారు. అందరూ బ్రతికేవారు కారు. అయినను మందులేని రోగుల మధ్యనే ఆయన ఏండ్ల తరబడి నిలిచిరి.

1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘంలో మెడికల్ కమిషనరుగా పనిచేసి, ఆసుపత్రిలో చోటు దొరకనివారికి ఇంటివద్దనే క్రమమైన వైద్యం అందే పద్ధతిని ప్రోత్సహించారు. 1940లో డా. బార్టన్ గారితో కలిసి, క్షయవలె కనబడినా క్షయ కాని ఒక ఊపిరితిత్తుల వ్యాధిని వివరించారు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరగడమే దాని గుర్తు. ఆయనవద్ద పనిచేసిన డా. పి.వి. బెంజమిన్ గారు తరువాత భారత ప్రభుత్వ క్షయ సలహాదారులైరి. కుమారులు డా. యోహాన్నెస్ గారు కూడా ఆరోగ్యవరంలోనే సేవచేసి, చుట్టుప్రక్కల గ్రామాల్లో క్షయ పరిశోధనలు జరిపారు.

నేడు మందులున్నవి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అయినను మనలో సిగ్గు పోలేదు. ఫ్యాక్టరీ పనులకు వచ్చిన మన యువకులు ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. ఉద్యోగం పోతుందని, పెండ్లి సంబంధం తప్పిపోతుందని దగ్గును దాస్తారు. దాచిన దగ్గు ప్రక్కవానికీ అంటుతుంది.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించండి. మొదలుపెట్టిన మందు మధ్యలో మానకండి. సంఘ పెద్దలు అటువంటివారిని దూరపరచక, వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్లాలని మనవి. మందులేని కాలంలో ఆయన విడువని రోగిని, మందున్న కాలంలో మనం విడువరాదు.

దేవునికే మహిమ కలుగును గాక.