సమాప్తమైన కార్యమును నమ్మిన హడ్సన్ టేలర్



మన సంఘములలో ప్రతి ఆదివారము సిలువను గూర్చి పాడుచున్నాము. ప్రభువు బల్లయొద్ద ఆయన రక్తమును జ్ఞాపకము చేసికొనుచున్నాము. అయినను మనలో అనేకుల హృదయములలో ఒక సందేహము మిగిలియే యున్నది. క్రీస్తు చేసినది మనకు చాలునా, లేక మనమును దానికి కొంత చేర్చవలెనా? కానుక తప్పక ఇచ్చిన నెలలో రక్షణ ఉన్నదనియు, కోతల పనిలో అలసి ప్రార్థన తప్పిన వారములో అది పోయినదనియు తలంచి కలవరపడువారు కలరు. ఇట్టి కలవరములోనుండి విడుదల పొంది, దాని ఫలముగా ఒక గొప్ప దేశమునకు సువార్త మోసిన హడ్సన్ టేలర్ జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1832 మే 21వ తేదీన ఇంగ్లాండులో యార్క్‌షైరు ప్రాంతమందలి బార్న్స్‌లీ పట్టణమున జన్మించెను. తండ్రి మందుల దుకాణము నడుపుచు మెథడిస్టు సంఘములో వాక్యము బోధించుచుండెను. ఆ తండ్రికి చైనా దేశముపై మిక్కిలి భారముండెను. బిడ్డ పుట్టకమునుపే తల్లిదండ్రులు అతనిని ఆ దేశ సేవకొరకు దేవునికి అర్పించిరి. అయితే ఆ సంగతి చాలకాలము వరకు అతనికి చెప్పలేదు.

అంత భక్తిగల యింట పెరిగినను ఆ బాలునికి శాంతి లేకపోయెను. పదునైదేండ్ల వయస్సున ఒక బ్యాంకులో చిన్న గుమాస్తాగా చేరెను. అక్కడి తోటివారు దేవుని సంగతులను ఎగతాళి చేయుచుండగా అతని మనస్సు లోకమువైపు తిరిగెను. కండ్లజబ్బు వచ్చుటచేత కొద్ది నెలలలోనే ఆ ఉద్యోగము మాని, తండ్రి దుకాణములో పనికి వచ్చెను. మంచి క్రైస్తవుడు కావలెనని తన బలముతో అనేకమారులు ప్రయత్నించెను, ప్రతిమారును ఓడిపోయెను. తుదకు, తనకు రక్షణ దొరకదు గనుక ఈ లోకములోనైనను సుఖపడుట మేలని తలంచెను. సొంత నీతితో దేవుని మెప్పింపజూచు ప్రతివాడును చేరు స్థలము ఇదే కాదా?

1849 జూను నెలలో ఒకదినమున అతనికి సెలవు దొరికెను. తల్లి దూరముననున్న బంధువుల యింటికి వెళ్లియుండెను. ప్రొద్దుపుచ్చుటకు తండ్రి పుస్తకములలో వెదకి, అతడు ఒక చిన్న సువార్త పత్రికను తీసికొనెను. అందులో మొదట కథ యుండును, చివర ప్రసంగముండును; కథ చదివి ప్రసంగమును విడిచిపెట్టవలెనని అతని ఉద్దేశము. అదే గడియలో డెబ్బది ఎనుబది మైళ్ల దూరమున తల్లి ఒక గదిలోనికి పోయి తలుపు గడియవేసి, కుమారుని రక్షణకొరకు మోకరించెను. తన ప్రార్థన ఆలకింపబడినదను నిశ్చయత కలుగువరకు ఆమె లేవలేదు. పదమూడేండ్ల చెల్లెలు అమీలియా సహితము తన అన్న కొరకు ప్రతిదినము ప్రార్థింప పూనుకొని అప్పటికి నెల దినములాయెను.

పత్రిక చదువుచుండగా, క్రీస్తు ముగించిన కార్యము అను భావము అతని కంట పడెను. ముగించినది అని ఎందుకు వ్రాసిరని అతడు ఆలోచింపసాగెను. వెంటనే యోహాను సువార్త 19వ అధ్యాయము 30వ వచనములో ప్రభువు సిలువమీద పలికిన ఆఖరి మాట జ్ఞాపకమునకు వచ్చెను. ఏది సమాప్తమాయెను? పాపమునకు కావలసిన ప్రాయశ్చిత్తము పూర్తిగా సమాప్తమాయెను. ఋణమంతయు తీరిపోయెను. అట్లయిన తాను చేయుటకు ఇక ఏమి మిగిలియున్నది? మోకరించి ఆ రక్షకుని అంగీకరించి ఆయనను స్తుతించుటయే. ఆ పదునేడేండ్ల యువకుడు అక్కడనే మోకరించెను. సుమారు రెండు వారములకు తల్లి తిరిగి రాగా, అతడు గుమ్మమునొద్దనే ఎదురేగి శుభవార్త చెప్పబోయెను. ఆమె ఆ సంగతి ముందే ఎరిగి సంతోషించుచుండెను.

ప్రియులారా, రక్షణ ముగించిన పని గదాయని ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండెనా? లేదు. ఆ సంవత్సరము ముగియకముందే చైనా సేవకు తన్ను అప్పగించుకొనెను. వైద్యము నేర్చుకొని, 1853 సెప్టెంబరు 19న లివర్‌పూల్ రేవున ఓడ ఎక్కి, అయిదు నెలలకు పైగా ప్రయాణము చేసి, 1854 మార్చి 1న షాంఘై చేరెను. ప్రజలతో కలిసిపోవుటకై చైనీయుల వస్త్రములు ధరించి, వారివలెనే తల గొరిగించుకొని జడ వేసికొనెను. తోటి విదేశీయులు నవ్విరి, ఆయన లక్ష్యపెట్టలేదు.

నింగ్పో పట్టణములో నీ అను పేరుగల ప్రత్తి వర్తకుడొకడు సత్యమును చిరకాలముగా వెదకుచుండెను. మోషే అరణ్యములో సర్పమును ఎత్తిన సంగతి టేలర్ బోధింపగా విని, అందరి యెదుట లేచి క్రీస్తును ఒప్పుకొనెను. తరువాత అతడు, ఈ సువార్త మీ దేశములో ఎన్నాళ్లనుండి ఉన్నదని అడిగెను. వందల ఏండ్లనుండి ఉన్నదని చెప్పవలసివచ్చినప్పుడు టేలర్ సిగ్గుపడెను. నీ గారి తండ్రి సత్యమును వెదకి వెదకి, దానిని కనుగొనకయే మరణించియుండెను. వెల పూర్తిగా చెల్లింపబడియున్నను ఆ కబురు చెప్పువారు లేకపోయిరి. ఈ దుఃఖము టేలర్ హృదయమును విడువలేదు.

అనారోగ్యముచేత 1860లో స్వదేశమునకు వచ్చియుండగా, ప్రొటెస్టంటు సేవకుడొక్కడైనను లేని చైనా లోపలి రాష్ట్రములు పదునొకండు ఆయన కన్నుల యెదుట నిలిచెను. పనివారిని పిలిచిన తరువాత వారికి కష్టము కలిగిన ఆ బాధ్యత తనదేగదాయని భయపడెను. 1865 జూను 25, ఆదివారమున బ్రైటన్ సముద్రతీరమున నడచుచు, బాధ్యత దేవునిది, విధేయత మాత్రమే తనదని గ్రహించి, 24 మంది పనివారికొరకు ప్రార్థించెను. పది పౌండ్లతో చైనా ఇన్‌లాండ్ మిషన్ పేరిట బ్యాంకులో లెక్క తెరచెను. మనుష్యుల నడుగక దేవునినే అడుగుట, అప్పు చేయకుండుట ఆ మిషనుకు నియమములాయెను. 1866 మే 26న తన కుటుంబముతోను పనివారితోను లామర్‌మూర్ అను ఓడలో మరల బయలుదేరెను.

అయినను ఆయన ఇంకొక పాఠము నేర్వవలసియుండెను. పాపక్షమాపణ కృపవలన దొరకినదని ఎరిగియు, పరిశుద్ధముగా నడచుటకు తన సొంత ప్రయాసపైనే ఆధారపడి అలసిపోయెను. కోపము వచ్చును, ప్రార్థన తగ్గును, హృదయము నొచ్చుకొనును. 1869 సెప్టెంబరులో మెకార్తీ అను తోటి సేవకుని ఉత్తరము చదువుచుండగా ఆయనకు వెలుగు కలిగెను. తీగె కాయ కాయుటకు పెనుగులాడదు; ద్రాక్షావల్లిలో నిలిచియుండును. మన క్షమాపణకు చాలిన క్రీస్తే మన ప్రతిదిన జీవనమునకును చాలినవాడు. నాటినుండి ఆయన భారములు తగ్గలేదు గాని, వాటిని మోయు విధము మారెను.

ఆ విశ్రాంతి త్వరలోనే పరీక్షింపబడెను. 1870లో ఒక కుమారుని, పుట్టిన కొద్ది దినములకే మరియొక శిశువును, జూలై 23న భార్యయైన మరియను పోగొట్టుకొనెను. ఇవి తన పాపములకు దేవుడు ఇంకను వసూలు చేయుచున్న శిక్షయని ఆయన ఎంచలేదు. శిక్ష సిలువమీద తీరిపోయెను గనుక, కన్నీటిలోను తండ్రి చేతినే చూచెను. మన యిండ్లలో మరణము కలిగినప్పుడు, ఏ పాపమునకో ఈ ఫలమని ఇరుగుపొరుగువారు గుసగుసలాడునప్పుడు, ఈ సంగతి జ్ఞాపకముంచుకొందము.

1900లో బాక్సర్ల తిరుగుబాటునందు ఆ మిషనుకు చెందిన 58 మంది పెద్దలును 21 మంది పిల్లలును చంపబడిరి. మిషనువారు నష్టపరిహారము పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదు. టేలర్ 1905 జూను 3న హూనాన్ రాష్ట్రపు చాంగ్షా పట్టణములో ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆ మిషనులో 800 మందికి పైగా సేవకులుండిరి. జెన్‌జియాంగ్‌లో, మరియ సమాధి ప్రక్కనే ఆయన దేహము ఉంచబడెను.

ప్రియులారా, మన గ్రామములలో అప్పు తీరినప్పుడు ప్రోనోటు వెనుక చెల్లు వ్రాయించుకొందుము. చెల్లు పడిన తరువాత ఏటేట వడ్డీ పట్టుకొని షావుకారు గుమ్మమునకు పోవువాడుండునా? అట్లు పోయినయెడల, తన చేతిలోని చెల్లును అతడు నమ్మలేదన్నమాటే. మన ఋణపత్రము సిలువకు కొట్టబడెనని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయము బోధించుచున్నది. అనుదినము నిలువబడి బలులర్పించు యాజకులవలె గాక, క్రీస్తు ఒక్కమారే అర్పించి కూర్చుండెనని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. పని ముగియనివాడు కూర్చుండడు.

కాబట్టి మనము కానుక ఇత్తము, రక్షణ కొనుటకు కాదు, కొనబడినవారమైనందున. ఉపవాసముందము, దేవుని ఒప్పించుటకు కాదు, ఒప్పుకొన్న తండ్రి సన్నిధిలో నిలుచుటకు. సువార్త వినని పొరుగువాని యింటికి పోదము, పుణ్యము కొరకు కాదు, అతని కొరకును వెల చెల్లింపబడినందున. ఇంకను భయముతో లెక్కలు చూచుకొనుచున్న సహోదరుడెవరైనను, సహోదరియెవరైనను ఉన్నయెడల, ఈ రాత్రియే మోకరించి, ముగించిన ఆ కార్యము నిమిత్తము ప్రభువును స్తుతింతురు గాక. ఆమేన్.