గర్భంలోని బిడ్డకు మేలు చేసిన యల్లాప్రగడ

సమ్సోను పుట్టక ముందే అతని తల్లి భోజనం గురించి పరలోకం నుండి వర్తమానం వచ్చింది. గొడ్రాలుగా ఉన్న మనోహ భార్యకు దేవదూత ప్రత్యక్షమై కుమారుడు పుడతాడని చెప్పడంతోనే సరిపెట్టలేదు. ఆమె ఏమి తాగకూడదో, ఏమి తినకూడదో కూడా చెప్పాడని న్యాయాధిపతులు 13వ అధ్యాయంలో చూస్తాం. ఆమె పేరేమిటో బైబిలు చెప్పదు గాని, ఆమె ఆహారం విషయం మాత్రం ఒకటికి రెండు మూడుసార్లు చెబుతుంది. అది నాజీరు వ్రతానికి సంబంధించిన ఆజ్ఞే తప్ప వైద్య సలహా కాదు, నిజమే. అయినా బిడ్డ కోసం తల్లి తీసుకోవలసిన జాగ్రత్త గర్భం నిలవక ముందే మొదలవ్వాలన్న సంగతి ఆ ఇంటికి ముందుగా తెలిసింది. మన ఇళ్లకు మాత్రం అది చాలా ఆలస్యంగా తెలుస్తోంది. ఆ జ్ఞానం లోకానికి అందడానికి కారకులైన వారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

చిల్కానగర్, ఉప్పల్, నాచారం ప్రాంతాల విశ్వాసులకు హబ్సిగూడ మీదుగా తార్నాక వెళ్లే దారి కొత్త కాదు. ఆ దారిలోనే జీవకణాలనూ జన్యువులనూ పరిశోధించే సీసీఎంబీ ఉంది. మరికాస్త ముందుకెళ్తే మనం తినే తిండిని పరిశోధించే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. తరతరాలుగా వచ్చే జన్యువులు వేరు, రోజూ కంచంలోకి వచ్చే అన్నం వేరు అని మనం అనుకుంటాం. ఆ రెండూ తల్లి గర్భంలో కలుసుకుంటాయి. అక్కడ వాటి మధ్య పనిచేసే పోషకాల్లో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి మాత్రగా మనిషి చేతికి అందేలా చేసిన బృందానికి నాయకుడు సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఓ పేద కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలిచేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి పారిపోతే, మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ తన నగలమ్మి మరీ చదివించింది. అయినా మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి. పరీక్ష తప్పిన పిల్లల్ని పనికిరానివారిగా లెక్కగట్టే తల్లిదండ్రులు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోవాలి!

ఆయన మన విశ్వాసానికి చెందినవాడు కాదు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి వైద్యుడై రోగులకు సేవ చేసే మార్గాన్ని ఎంచుకుని మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో పూర్తి డిగ్రీ బదులు అంతకంటే తక్కువ స్థాయి అర్హత పత్రం మాత్రమే దక్కింది. ఆ తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

అంతకు ముందే మరణం ఆయన ఇంటిలోకి వచ్చి వెళ్లింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఆ ఇంటిని కుదిపేసిన జబ్బు పేరు స్ప్రూ. ఆగని విరేచనాలతో తిన్నది ఒంటపట్టక, రక్తం పలచబడి, మనిషి కళ్లముందే శల్యమైపోయే జబ్బు అది. ఆ రోజుల్లో దానికి మందు లేదు. తినడానికి అన్నం ఉండి కూడా ఆ అన్నం ప్రాణం నిలపలేకపోవడం సుబ్బారావు కళ్లారా చూశారు. ఆ ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదు.

1920ల ఆరంభంలో, మామగారు, ఒక ధర్మసంస్థ చేసిన సాయంతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పూట గడవడానికి రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పనికి కుదిరారు. వైద్యం చదివినవాడు ఆ పని చేయడమేమిటని సిగ్గుపడలేదు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతిని గుడిలో ఎన్నోసార్లు వినే మనం, మన చదువుకు తగ్గ పని కాదని ఎన్ని పనుల్ని పక్కకు నెడతామో ఆలోచించుకోవాలి.

అక్కడ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. దాన్ని వైద్య విద్యార్థులు తరతరాలు చదువుకున్నారు. 1927లో కండరాల్లో శక్తి నిల్వకు తోడ్పడే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలన్నింటికీ శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. ఏటీపీని దాదాపు అదే సమయంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. ఆయన తనకు రావలసిన పేరు కోసం పోట్లాడే మనిషి కూడా కాదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఫోలిక్ యాసిడ్ కథ ఆయనతో మొదలవలేదు. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ప్రాణాల మీదికి తెస్తున్న రక్తహీనతకు కారణం వెతికింది. ఈస్ట్ నుండి తీసిన చవకైన పదార్థం తినిపిస్తే ఆ తల్లులు కోలుకున్నారు. అందులో ఏముందో మాత్రం తేలలేదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి అతి కొద్ది పదార్థాన్ని రాబట్టారు. ఆకు అనే అర్థమిచ్చే లాటిన్ మాట నుండి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకుకూరతో ఎందరు తల్లులకు మందు తయారుచేయగలం? సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసి ఆ చిక్కు విప్పింది. స్ప్రూ రోగులు ఆ మందుతో కోలుకున్నారు. సోదరుల్ని కాపాడుకోలేకపోయిన వ్యక్తి, ముక్కూ మొహం తెలియని వేలమంది సోదరుల్ని అలా కాపాడాడు.

ఆ తర్వాత ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌కు విరుద్ధంగా పనిచేసే మందుల్నీ తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో చనిపోతున్న పసిపిల్లలకిస్తే, 1948 నాటికి వారిలో చాలామందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఆ పిల్లల తల్లిదండ్రులకు ఏ ఆశా ఉండేది కాదు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అది గర్భిణులు వాడకూడని మందు. మన కోస్తా జిల్లాల్ని పీడించిన బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు కూడా 1947లో ఆయన ప్రయోగశాల నుండే వచ్చింది.

ఈ సేవకు చెల్లించిన వెల కూడా చెప్పుకోవాలి. భార్య శేషగిరిని విడిచి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆ బిడ్డ ముఖాన్ని తండ్రి చూడనే లేదు. ఆ ఇల్లాలు పాతికేళ్లు ఎదురుచూసింది. గొప్పవారి జీవితాల్లో మనం పొగడలేని భాగాలూ ఉంటాయి. దావీదు విషయంలో బైబిలు వాటిని దాచలేదు, మనమూ దాచనక్కరలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అమెరికా పౌరసత్వం తీసుకోకుండా భారతీయుడిగానే కన్నుమూశారు. భారత తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది 1995లో, ఆయన శతజయంతికి.

ఆయనకే తెలియని మేలు మరొకటి మిగిలి ఉంది. తల్లి కడుపులో ఒక్క కణం రెండుగా, రెండు నాలుగుగా చీలేటప్పుడు ప్రతిసారీ అందులోని డీఎన్‌ఏకు నకలు తయారవ్వాలి. ఆ నకలు రాయడానికి కావలసిన సరుకును సిద్ధం చేసేది ఫోలిక్ యాసిడే. గర్భం నిలిచిన 28 రోజుల లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ వెన్నులోపంతో పుట్టవచ్చు, కొన్నిసార్లు బతకకపోవచ్చు. ఈ పోషకాన్ని శరీరం వాడుకునే తీరులో కొందరికి పుట్టుకతో వచ్చే జన్యువుల వల్ల తేడా ఉంటుంది కూడా. 1991లో ఏడు దేశాల్లో జరిగిన ఓ పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు అలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే మళ్లీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గిందని తేలింది. సుబ్బారావు మరణించి అప్పటికి 43 ఏళ్లు!

ఇక్కడే సంఘంగా మనం కాస్త ఆగాలి. ఆ 28 రోజులు గడిచేసరికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని కూడా తెలియదు. నెల తప్పిందని ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ నాళం మూసుకోవడం అయిపోయే ఉంటుంది. నాలుగో నెల నుండి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు తల్లి రక్తహీనతకు ఎంతో అవసరం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాని వెన్నుపాము సంగతికొస్తే మాత్ర అంతకంటే ముందే మొదలవ్వాలి. పిల్లలు కావాలనుకునే స్త్రీలు రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యులు చెబుతారు. ముందు అలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరును అడిగే వాడాలి.

మన సంఘాల్లో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదువుతాం. పెళ్లికి ముందు జంటను కూర్చోబెట్టి ప్రేమ గురించి, లోబడడం గురించి, ప్రార్థన గురించి చెబుతాం. ఈ ఒక్క మాట కూడా అక్కడే చెబితే ఎంత మేలు! స్త్రీల సమాజం కూడికలో ఐదు నిమిషాలు చాలు. తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు, బొబ్బర్లు మన ఇళ్లకు కొత్తవి కావు. ఆకుకూరల్ని అతిగా ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే మేలంతా కాలవ పాలవుతుంది. ఇంటిల్లిపాదీ తిన్నాక అడుగున మిగిలింది తినే కోడలికి ఆ కూర మిగులుతుందా అన్నది అత్తమామలు, భర్త జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

మరో రెండు మాటలు నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. మాత్ర వేసుకోవడం అవిశ్వాసమని కొందరు బోధిస్తారు. పౌలు వెంట వైద్యుడైన లూకా నడిచాడు. కడుపు జబ్బుతో బాధపడే తిమోతికి పౌలే సలహా చెప్పాడు. ప్రభువైతే యాయీరు కుమార్తెను మరణం నుండి లేపిన వెంటనే ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమని తల్లిదండ్రులకు చెప్పాడు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా అన్నం అవసరమైంది! అలాగే గర్భిణులు, బాలింతలు శ్రమల దినాల్లో ఉపవాసం ఉండలేకపోతున్నామని కుమిలిపోనక్కరలేదు. వాళ్ల వంతు ఉపవాసం బదులు మిగిలినవాళ్లం వాళ్ల కంచం నింపడమే దేవునికి ఇష్టమైన పని.

రెండోది, లోపంతో పుట్టిన బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చున్న తల్లిని గురించి. ఎవరి పాపమోనని గుసగుసలాడే నోళ్లు గుడి బయటే కాదు, లోపల కూడా ఉన్నాయి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులడిగిన ప్రశ్న కూడా అదే. యోహాను 9వ అధ్యాయంలో ప్రభువు అతని మీదగాని, అతనిని కన్నవారి మీదగాని పాపం మోపలేదు. ఫోలిక్ యాసిడ్ కూడా అన్ని లోపాల్నీ ఆపలేదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న తల్లికీ అలాంటి బిడ్డ పుట్టవచ్చు. ఆ తల్లికి మన తీర్పు అక్కరలేదు, మన తోడు కావాలి.

తల్లి గర్భంలో మనల్ని నేసినవాడు దేవుడేనని నమ్ముతాం. ఆ నేతకు కావలసిన నూలును తల్లి కంచం ద్వారా పంపేలా ఆయనే ఏర్పరిచాడు. ఆ సంగతి తెలుసుకునే బుద్ధిని తనను ఎరిగినవారికే పరిమితం చేయలేదు. బబులోను చెరలో ఉన్న తన ప్రజల కోసం అన్యుడైన కోరెషును వాడుకున్నవాడు, పుట్టబోయే పసిపిల్లల కోసం భీమవరం బిడ్డడిని వాడుకున్నాడంటే ఆశ్చర్యమేముంది? ఎన్నడూ చూడని బిడ్డల కోసం ఆయన ప్రయోగశాలలో రాత్రీ పగలూ శ్రమించాడు. మనకు ఆ బిడ్డలు మన సంఘంలోనే, మన వీధిలోనే ఉన్నారు. వచ్చే పెండ్లి ప్రకటన చదివిన రోజున, ఆ పెళ్లికూతురికి ఈ మాట చెప్పే బాధ్యత మనలో ఒకరు తీసుకుందాం.