అల్లూరి శ్రీరామరాజుగారి పోరాటరీతి

మన పెద్దలు లష్కరని వ్యవహరించు ఈ సికింద్రాబాదు 1806లో ఆంగ్లేయుల సేనానివాసముగా వెలసి, నిజాము సికందరుజా పేరు దాల్చినది. అట్టి కవాతుల నగరమున మన మహాసభ జరుగుచున్న తరుణమున, ఏ దండునందును కవాతు నేర్వకయే శిక్షితసేనలను రెండేండ్లు చీకాకుపరచిన అల్లూరి శ్రీరామరాజుగారిని స్మరించుట యుచితమని తలచితిమి. వారి భక్తివైరాగ్యముల నిదివరకనేకులు వర్ణించియున్నారు. మేము వారు పోరాడిన తీరును గూర్చియే ముఖ్యముగా వ్రాయుచున్నాము.

రాజుగారు 1897 జూలై 4వ తేదీన విశాఖమండలమందలి పాండ్రంగిలో జన్మించిరి. పూర్వులది భీమవరము చేరువనున్న మోగల్లు. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు సాగలేదు. 1917లో కృష్ణదేవిపేట చేరి మన్యప్రజల నడుమ నిలిచిరి. అడవిచట్టములు ఆ ప్రజల పోడుసేద్యమును బంధించెను. బాటపనులకు కూలి సరిగా ముట్టదయ్యెను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యెను. చిక్కినవి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు. తీసికొన్న ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకములందు వ్రాసి చేవ్రాలు చేసిరట. దొంగతన మనిపించుకొనుట వారి కిష్టములేదు కాబోలు!

ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది నిదానముగా గమనింపదగినది. ఇరుకుదారిలో దళము బారుగా నడువవలసినదే. పైనున్నవాని గురికి క్రిందివాడు మరుగు పొందజాలడు. రాజుగారు ముందునడచు దేశీయ పోలీసులను పోనిచ్చి, వెనుకవచ్చు తెల్లదొరలపైననే కాల్పించిరి. స్కాట్ కవర్డు, హైటరు అను అధికారులు కూలిరి. నాయకులు లేని దళము చెదరిపోయెను. స్వజనుల రక్తము చిందింపరాదను నియమము, తూటాల కొరత, రెండును ఒకే యుపాయమున తీరెను.

అయితే బహిరంగయుద్ధమునకు వేరొక విద్య కావలయును. ఒక జట్టు ఎడతెగక కాల్చి శత్రువు తల యెత్తకుండ చేయగా, రెండవ జట్టు ప్రక్కగా ముందుకు సాగును. పిమ్మట పనులు మారును. 1917 నాటికి బ్రిటిషు సైన్యము చిన్నదళములకు సైతము లూయీ మరతుపాకి నిచ్చి దీనిని నేర్పినది. అందొక్కొక్క పళ్లెమున 47 తూటాలుండును. ఠాణాలలో దొరికిన తుపాకులతో దానికి బదులిచ్చుట యెట్లు? 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమున మలబారు పోలీసులు లూయీ తుపాకితో నెదిరింపగా రాజుగారి దళమునకు తీవ్రనష్టము కలిగెను. అచట నెదురునిలిచి పోరుట పొరపాటని మా యభిప్రాయము. ఆ తరువాత వారు తిరిగి అడవినే ఆశ్రయించిరి.

1924 జనవరిలో అస్సాం రైఫిల్సు దిగెను. వారు కొండదారులెరిగిన సైనికులు. మే 7న రాజుగారు పట్టుబడి, కొయ్యూరున విచారణ లేకయే కాల్చివేయబడిరి. సమాధి కృష్ణదేవిపేటలో నున్నది.

ఇక నొక్క మాట. రాజుగారు మనవారని గర్వింతుము. కాని ఆ కనుమలలో వారి వెంట నిలిచినవారిలో పెక్కురు మన కులజులు కారు, మన్యపు బిడ్డలు. గాం గంటందొర తరువాతి నెలలోనే పోరున నేలకొరగెను. ఆయన తమ్ముడు మల్లుదొర 1923లో పట్టుబడి, అండమానులో శిక్ష యనుభవించి, 1952లో విశాఖనుండి లోకసభకెన్నికయ్యెను. సభామందిరమున రాజుగారి పటము క్రింద ఈ సోదరుల పేర్లను గూడ వ్రాయింపవలసినదిగా పోషకులను కోరుచున్నాము.