గోదావరి సరిహద్దుగా ఉన్న రోజులు: నవాబ్ అలీ యావర్ జంగ్

ఇప్పుడు బూర్గంపహాడ్ వైపు నుంచి గోదావరి దాటి భద్రాచలం పోతుంటే ఎవరూ ఆపి అడగరు. 1947 ఆగస్టు 15 తర్వాత మాత్రం అది దాదాపు దేశం దాటడమే. ఈ ఒడ్డు నిజాం రాజ్యం. ఆ ఒడ్డు మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లా. ఖమ్మం, మధిర వైపు నుంచి ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని బెజవాడ వైపు వెళ్లాయి. బయటి ప్రాంతాల నుంచి ముస్లిం కుటుంబాలు పనాహ్ కోసం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చాయి. రెండు వైపులా భయమే.

ఈ గొడవ మాటలతో తేలాలని పనిచేసిన వాళ్లలో నవాబ్ అలీ యావర్ జంగ్ ఒకరు. 1906లో హైదరాబాద్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి ఉస్మానియాలో చరిత్ర పాఠాలు చెప్పారు. తర్వాత నిజాం ప్రభుత్వంలో రాజ్యాంగ వ్యవహారాలు చూశారు. 1947 జులైలో ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్‌లతో కలిసి ఢిల్లీ చర్చలకు వెళ్లారు. ఏ అంశం వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు అని ముందే కాగితం మీద తేల్చుకోవాల్సిన పని అది. ఇండియాతో ఒప్పందానికి రావాలన్న వాళ్ల మీద ఇత్తెహాద్ వాళ్లు మండిపడ్డారు. ఆయన పదవి వదిలి పక్కకు తప్పుకున్నారు. అక్టోబరు 27 తెల్లవారుజామున, ఢిల్లీ బయల్దేరాల్సిన ప్రతినిధుల ఇళ్లను జనం చుట్టుముట్టి ప్రయాణమే ఆపేశారు. చివరికి నవంబరు 29న ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ గడువు కూడా తీరకముందే, 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. ఆ తర్వాత మనవాళ్లు పడ్డ బాధ ఇళ్లల్లో పెద్దలకు తెలుసు.

విలీనం తర్వాత ఆయన మళ్లీ ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీషు వచ్చింది ఆ రోజుల్లోనే. చాలామందికి ఆ నొప్పి తగ్గలేదు, దాన్ని దాచడమెందుకు?

1954 నుంచి ఈజిప్టులో మన రాయబారి. 1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాక నెహ్రూకీ ఆయనకీ మధ్య మాట మోసింది అలీ యావర్ జంగే. యుద్ధం ఆగాక, పాలస్తీనా శరణార్థులతో నిండిన గాజాకు ఐక్యరాజ్యసమితి దళంలో భాగంగా మన సైనికులు కూడా వెళ్లారు. తర్వాత ఆయన యుగోస్లావియాకు మారారు. 1959లో పద్మభూషణ్ వచ్చింది. భద్రాచలం మన ఖమ్మం జిల్లాలో కలిసింది కూడా ఆ ఏడాదే.

1965 ఏప్రిల్‌లో అలీగఢ్ వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, ప్రవేశాల కోటా గొడవలో విద్యార్థులు ఆయన్ని తీవ్రంగా కొట్టారు. ప్రాణం మీదికొచ్చింది. అయినా పదవి వదల్లేదు, 1968 దాకా అక్కడే ఉన్నారు. తర్వాత అమెరికాలో రాయబారిగా పనిచేశారు. 1976 డిసెంబరు 11న మహారాష్ట్ర గవర్నర్‌గా ఉండగానే ఇంతెకాల్ అయ్యారు. ముంబై బాంద్రాలో వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం 1983లో పెట్టిన జాతీయ సంస్థకు ఆయన పేరే పెట్టారు.