రంఫర్డు ప్రభువు

రంపముతో కొయ్య కోయగా రంపపుటాకు వేడెక్కుట మన విద్యార్థులెల్లరు ఎఱిగినదే. ఆ వేడి యెచ్చటినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన యొక విచిత్ర పురుషుని చరిత్రము నిచ్చట వివరింపదలచితిమి.

బెంజమిన్ థాంప్సన్ 1753లో అమెరికాలోని వోబర్న్ గ్రామమున జన్మించెను. పసితనముననే తండ్రి పోయెను. దుకాణములో పని నేర్చి, బడిపంతులై, పందొమ్మిదేండ్ల వయసున ధనవంతురాలగు వితంతువును వివాహమాడెను. అమెరికా స్వాతంత్ర్య సమరమున ఆంగ్లేయుల పక్షము వహించి, స్వజనుల రహస్యములను వారికి చేరవేసి, భార్యను, పసిబిడ్డను విడిచి 1776లో ఇంగ్లాండు చేరెను. ఈ నడతను మేము మెచ్చజాలము. పిదప బవేరియా కొలువున మ్యూనిక్ నగరములో బిచ్చగాండ్రకు పనియు అన్నమును సమకూర్చు శాల నెలకొల్పెను. అచ్చటనే ప్రభు బిరుదము లభించెను. విడిచివచ్చిన భార్య యూరి పాతపేరగు రంఫర్డునే బిరుదమునకు ఎంచుకొనుట చిత్రము!

మ్యూనిక్ ఆయుధశాలలో ఇత్తడి ఫిరంగులను గుఱ్ఱముల బలముతో త్రిప్పుచు లోపల తొలుచుచుండిరి. గొట్టము వేడెక్కుట, రాలు రజను మఱింత వేడిగా నుండుట ఇతడు గమనించెను. వేడి కంటికి కానరాని ద్రవమనియు, లోహము తునుకలగునపుడు అది పిండినట్లు వెలికివచ్చుననియు నాటి పండితుల మతము. అట్లయిన రజను గుణము మారవలెను గదా? రంఫర్డు రజనును, సన్నని రంపముతో కోసిన అదే లోహపు ముక్కలను సమాన తూకమున గైకొని, మరుగునీటి వేడిమికి తెచ్చి, చన్నీట వేసెను. రెండును నీటిని సమానముగనే వెచ్చజేసెను.

అంతట మొద్దుబారిన ఉక్కు పనిముట్టు నానించి 51 కిలోల ఇత్తడి దిమ్మను నిమిషమునకు 32 మారులు త్రిప్పించెను. అరగంటలో దాని వేడి 16 నుండి 54 సెంటీగ్రేడు డిగ్రీలకు పెరిగెను. రాలిన రజను 54 గ్రాములే! మఱియొకమారు దిమ్మచుట్టును పెట్టె యమర్చి ఎనిమిదిన్నర కిలోల నీరు పోయించెను. రెండున్నర గంటలకు నిప్పు లేకయే నీరు తెర్లెను. చూపరులు నివ్వెఱపడిరి. త్రిప్పినంతకాలము తరుగక వచ్చునది పదార్థము కాజాలదనియు, అది చలనమే యనియు 1798లో లండను రాయల్ సొసైటీకి నివేదించెను.

కత్తివాదర మన బలమునంతను సన్నని గీతపై నిలిపి, పరమాణువులను ఒండొంటితో పట్టియుంచు బంధములను తెంచును. పరమాణువు మాత్రము తెగదు. లోహమందు పరమాణువుల పొరలు ముందు జరిగి, పిదప విడును. వెచ్చించిన శ్రమలో అధికభాగము పరమాణువుల కంపనమగును, అదియే వేడి. మొద్దు కత్తి కోయుట తక్కువ, రాచుట యెక్కువ.

1799లో లండనున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు ఇతడే ముఖ్యకారకుడు. అనంతరము వేడిద్రవమునకు పేరిడిన లవాయిజరు పండితుని వితంతువునే పెండ్లాడెను! ఆ కాపురము 1809లో విచ్ఛిన్నమయ్యెను. 1814లో పారిస్ చెంత మరణించునాటికిని పండితులలో పెక్కురు ద్రవవాదమునే నమ్ముచుండిరి. 1840 తరువాత జూల్ అను నాంగ్లేయుడు ఎంత శ్రమకు ఎంత వేడి పుట్టునో కొలిచి చూపిన పిమ్మటగాని అది తొలగలేదు.