చెడిన బట్టీ చెప్పిన పాఠం

పనిలో పొరపాటు జరిగితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సర్వీసులో ఎవరికీ చెయ్యి వచ్చేది కాదు. నాకూ రాలేదు. అందుకే తన ఓటములను వరుసగా రాసిపెట్టిన ఒక కుమ్మరి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో మిత్రులతో పంచుకోదలిచాను. ఆయన పేరు బెర్నార్ పలిస్సీ.

ఆయన సుమారు 1510లో ఫ్రాన్సు దేశంలో పుట్టారు. గాజు మీద బొమ్మలు వేయడం, భూములు కొలవడం ఆయన జీవనాధారం. సెంత్ పట్టణంలో కాపురముండగా, 1540 ప్రాంతంలో తెల్లని పూతతో మెరిసే మట్టి పాత్ర ఒకటి ఆయన కంటబడింది. అలాంటి పూత తానూ చేయాలని పట్టుబట్టారు. మట్టిపని రాదు, నేర్పే గురువు లేడు.

పెంకుల మీద రకరకాల మిశ్రమాలు పూసి కుమ్మరి ఆవంలో కాల్పిస్తే వేడి చాలక కరగలేదు. గాజు బట్టీకి తీసుకువెళితే, ఒక విడతలో మూడు వందలకు పైగా నమూనాల్లో ఒక్కటి తెల్లగా కరిగింది. ఆ ధైర్యంతో ఇటుకలు తానే వీపున మోసి సొంత బట్టీ కట్టుకున్నారు. ఆరు పగళ్ళు, ఆరు రాత్రులు మండించినా పూత కరగలేదు. కట్టెలు అయిపోతే తోటలోని గుంజలు, తర్వాత ఇంట్లోని బల్లలు, నేలకు పరిచిన చెక్కలు మంటలో వేశారు. ఊరివాళ్ళు పిచ్చివాడన్నారు, దొంగ నాణేలు చేస్తున్నాడన్నారు.

మరోసారి బట్టీ గోడల అడుసులోని చెకుముకిరాళ్ళు వేడికి పేలి, ఆ ముక్కలు కరిగిన పూతకు అతుక్కున్నాయి. చవగ్గా కొంటామన్నవారున్నా, పరువు తక్కువని సరుకంతా పగలగొట్టేశారు. ఇంకోసారి బూడిద ఎగిరి పూతను పాడుచేసింది. అప్పటినుంచి పాత్రల చుట్టూ మట్టి తొడుగులు పెట్టి కాల్చారు. ఒక రంగు కరిగేలోపు మరొకటి మాడిపోయేది. అన్నీ ఒకే వేడికి కరిగేలా కుదర్చడానికి ఏళ్ళు పట్టింది. మొత్తం మీద పదిహేను, పదహారేళ్ళ తపస్సు అది.

ఆ రోజుల్లో పిల్లల్ని సాకే దాదులకు జీతమివ్వడానికి కూడా డబ్బు లేదు. భార్య నిష్ఠూరమాడిందని ఆయన బాధపడ్డారు. సంసారాలు ఈదిన మనకు మాత్రం ఆ ఇల్లాలి పక్షమూ న్యాయంగానే తోస్తుంది.

చివరికి ఆయనకు పేరు తెచ్చింది ఆ తెల్లపూత కాదు, పాములు, బల్లులు, చేపలు, ఆకులు ఉబ్బెత్తుగా తీర్చిన రంగుల పళ్ళాలు. రాణి కేథరిన్ ది మెడిచి ఆయనకు పారిస్‌లో తన తోటలో కృత్రిమ గుహ పని అప్పగించారు. ప్రొటెస్టంటు విశ్వాసం వదలనందుకు ముసలితనంలో ఖైదుపాలై, 1590 ప్రాంతంలో బాస్టిల్ జైల్లో కన్నుమూశారు.

1580లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన పూతకు వాడే దినుసులు చెప్పారు గాని పాళ్ళు చెప్పలేదు. చెడిన బట్టీల సంగతి మాత్రం కారణాలతో సహా రాశారు. మనమూ మనవళ్ళకు ప్రమోషన్ల కథలే కాక, మన బట్టీలో ఏ రాయి ఎందుకు పేలిందో కూడా చెబితే బాగుంటుంది. నా వంతు ఈ సాయంత్రమే మొదలుపెడతాను.