నెపోలియన్‌ను పొట్టివాణ్ని చేసిన గిల్రే

నెపోలియన్ అనగానే చాలామందికి ఒక పొట్టి మనిషి గుర్తొస్తాడు. నిజానికి ఆయన ఆ కాలపు ఫ్రెంచివాళ్లలో మామూలు ఎత్తు మనిషే. ఆయన్ను లోకం కళ్లలో పొట్టివాణ్ని చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది లండన్‌లో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కిన జేమ్స్ గిల్రేని.

గిల్రే 1756లో చెల్సీలో పుట్టాడు. తండ్రి సిపాయి. ఫాంటెనాయ్ యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకుని పింఛను మీద బతికాడు. యుద్ధం ఏం మిగులుస్తుందో కొడుక్కి ఇంట్లోనే కనిపించింది. కుర్రాడు అక్షరాలు చెక్కే పనిలో కుదిరి, విసుగొచ్చి నాటకాలవాళ్ల వెంట ఊళ్లు తిరిగి, చివరికి 1778లో రాయల్ అకాడమీలో చేరాడు. తర్వాత హన్నా హంఫ్రీ అనే ఆవిడ నడిపే బొమ్మల దుకాణమే ఆయన మకాం. మేడ మీద గీయడం, కింద అమ్మడం. కొనలేనివాళ్లు వీధిలో గుమిగూడి కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు.

మన వైపు కథ కూడా ఆ కిటికీలోకి ఎక్కింది. 1791లో కారన్‌వాలిస్ దొర శ్రీరంగపట్నం దాకా వెళ్లాడు. నిజాం ఫౌజు కూడా ఆయన పక్షానే ఉంది. వానలు ముంచెత్తాయి, తిండి అయిపోయింది, బండ్లు లాగే ఎద్దులు చచ్చిపోయాయి. పెద్ద ఫిరంగులు పాడుచేసి వెనక్కి తిరగాల్సి వచ్చింది. గిల్రే ఆ డిసెంబర్‌లోనే బొమ్మ వేశాడు: కోట మీద టిప్పు సుల్తాన్, కింద హడలిపోయి పరుగెత్తే దొర. సొంత దేశపు సేనాధిపతినే అంత మోటుగా ఎగతాళి చేశాడు. వెటకారంలో తనవాళ్లు, పరాయివాళ్లు అన్న తేడా ఆయనకు అప్పటికి లేదు. 1792లో పచ్చి ఉల్లికాడలు నమిలే బక్క ఫ్రెంచివాణ్ని గీశాడు. పక్కనే మాంసం మేస్తూ పన్నుల మీద ఏడ్చే లావుపాటి ఇంగ్లీషువాణ్నీ గీశాడు. యువరాజు తిండిపోతుతనాన్ని కూడా వదల్లేదు.

1796లో ఒక బొమ్మ మతాన్ని అవమానించిందని కేసు పడింది. మరుసటి ఏడాదే పిట్ ప్రభుత్వం నుంచి ఏటా 200 పౌండ్లు రహస్యంగా రావడం మొదలైంది. ఆ తర్వాత ఆయన బాణాలు ఎక్కువగా ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ మీదకే తిరిగాయి. దేశభక్తి పూర్తిగా కొనుక్కున్నదే అనడం అన్యాయం, కానీ జేబు బరువు చేతి మీద పడలేదనీ అనలేం. 1801లో పిట్ దిగిపోయాడు, డబ్బూ ఆగింది. గొప్ప బొమ్మలు మాత్రం ఆ తర్వాత కూడా వచ్చాయి. 1803 నుంచి నెపోలియన్ ఆయన చేతిలో కాళ్లు నేలకేసి కొట్టే మొండి పిల్లాడయ్యాడు. 1805 నాటి బొమ్మలో పిట్, నెపోలియన్ ఎదురెదురుగా కూర్చుని భూగోళాన్నే వంటకంలా కోసుకుంటారు. అందులో పిట్‌కూ మర్యాద దక్కలేదు.

తర్వాత చూపు మందగించింది, తాగుడు పెరిగింది, 1810 నాటికి మతి తప్పింది. కిటికీలోంచి దూకబోయాడు కూడా. చివరిదాకా చూసుకున్నది హన్నా హంఫ్రీయే. 1815 జూన్ 1న పోయాడు. సరిగ్గా 17 రోజులకు నెపోలియన్ వాటర్లూలో ఓడాడు.